లైనక్స్‌లో వీడియో ఎడిటింగ్: చిక్కు ఎక్కడెక్కడ ఉంది?

(విశాఖపట్నంలో ఒక ఆదివారం ఉదయం విద్యార్థులు, వీడియోగ్రాఫర్ల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి వచ్చేయండి బాబూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గాజువాక నుంచి, భీమిలి నుంచి, అనకాపల్లి నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చారు. నిలబడి వినక్కర్లేదు.

విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌లో వీడియో ఎడిటింగ్ చేస్తుంటే వచ్చే ఇబ్బందుల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను, ఒక్కటీ దాచను. అయితే ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. "లైనక్స్‌లో ఎడిటింగా, అది అయ్యే పని కాదు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఏ ఇబ్బందీ తీరదు. ఎందుకంటే అది ఒక్క ఇబ్బంది కాదు కదా. పేటెంట్ల వల్ల వచ్చిన చిక్కు ఒకటి. ప్యాకేజీల గందరగోళం ఇంకొకటి. తెలుగు అక్షరాన్ని ఎవరూ సరిగా పరీక్షించకపోవడం వల్ల వచ్చినది మరొకటి. దేని మందు దానిదే. ఈ మూడింటినీ కలిపేసి తిట్టుకుంటూ కూర్చుంటే మనకి ఒరిగేదేమీ లేదు.

మొదటిది చూద్దాం. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లారు. తెల్లారగట్ల బోట్లు వస్తున్నాయి, వేలం పాట జరుగుతోంది. ఫోన్లో చక్కగా తీశారు. ఇంటికొచ్చి, ఎవరో చెప్పారని డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటర్ ఉచిత వెర్షన్‌ని లైనక్స్‌లో వేసుకున్నారు. క్లిప్ లాగి టైమ్‌లైన్ మీద పెట్టారు. ఏమవుతుంది? బొమ్మ రాదు, శబ్దమూ రాదు. అదే క్లిప్, అదే రిజాల్వ్, విండోస్‌లో అయితే హాయిగా ఆడుతుంది. మరి తేడా ఎక్కడుంది?

మన ఫోన్లు వీడియోని హెచ్.264 గానో, హెచ్.265 గానో భద్రపరుస్తాయి. శబ్దాన్ని ఏఏసీ గా. హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది. దాని మీద బోలెడన్ని పేటెంట్లు. డీకోడర్, అంటే ఆ వీడియోని విప్పి చూపించే ప్రోగ్రాము, అమ్మేవాళ్లు, పంచేవాళ్లు లైసెన్సు తీసుకోవాలి. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఆ డీకోడర్ ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే వచ్చేస్తుంది. ఎడిటర్ దాన్ని వాడుకుంటుంది. లైనక్స్‌లో అలా లైసెన్సు కట్టి ఇచ్చేవాళ్లు ఎవరున్నారు? అందుకే రిజాల్వ్ ఉచిత వెర్షన్ లైనక్స్‌లో హెచ్.264 తెరవకుండానే ఇన్నాళ్లూ వచ్చింది. 295 డాలర్లు పెట్టి స్టూడియో వెర్షన్ కొంటే బొమ్మ వస్తుంది. ఏఏసీ శబ్దం మాత్రం డబ్బు కట్టినవాళ్లకి కూడా ఏళ్ల తరబడి రాలేదు.

ఇది ఒక్క ఎడిటర్ గొడవ కాదండీ. ఫెడోరా తెలుసు కదా, పెద్ద డిస్ట్రో, అంటే లైనక్స్‌లో ఒక రకం. 2022లో వాళ్లు మీసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్లలో హెచ్.264, హెచ్.265 హార్డ్‌వేర్ డీకోడింగ్‌ని ఆపేశారు. పనిచేయక కాదు, న్యాయపరమైన భయం వల్ల. అప్పటిదాకా గ్రాఫిక్స్ కార్డు చేస్తున్న పని ఒక అప్‌డేట్‌తో ప్రాసెసర్ మీద పడింది. ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే వేరే రిపాజిటరీ నుంచి పూర్తి ప్యాకేజీలు వేసుకుంటే మళ్లీ పనిచేస్తుంది. ఇది తెలియని విద్యార్థి ఏమనుకుంటాడు? ల్యాప్‌టాప్ పాతదైపోయింది అనుకుంటాడు. నాన్నని కొత్త ల్యాప్‌టాప్ అడుగుతాడు.

మరి దీనికి మందు? క్లిప్‌ని ఎడిటింగ్‌కి అనువైన రూపంలోకి మార్చుకోవడమే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని ఒక పనిముట్టు ఉంది, 2000 నుంచీ ఉంది. దానితో వీడియోని డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ గా, ఆడియోని పీసీఎమ్ గా మార్చి, మోవ్ ఫైల్లో పెడితే లైనక్స్ రిజాల్వ్ హాయిగా తీసుకుంటుంది. కానీ దీనికి ఖరీదు ఉంది, ఆ ఖరీదు ఎవరూ చెప్పరు. ఫోన్లో 1080 రిజల్యూషన్‌లో తీసిన హెచ్.264 వీడియో నిమిషానికి 130 ఎంబీ దాకా ఉంటుంది. అదే డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ మామూలు నాణ్యతలో నిమిషానికి ఒక జీబీ దాటుతుంది. ఆరు గంటల పెళ్లి ఫుటేజీ అనుకోండి, ఒక్క కెమెరాదే. నాలుగు వందల జీబీ చేతిలో పెట్టుకోవాలి. డిస్కు కొనగలిగినవాడికి ఇది పరిష్కారం. కొనలేనివాడికి ఇదే కొత్త ఇబ్బంది. "మార్చేస్తే సరిపోతుంది కదా" అని తేలిగ్గా చెప్పేవాళ్లు ఈ లెక్క కూడా చెప్పాలి.

అంత పెరగడం ఎందుకూ అని ఇక్కడ ఒక అమ్మాయి అడుగుతోంది. మంచి ప్రశ్న అమ్మా. హెచ్.264 లో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. ఎప్పుడో ఒక పూర్తి ఫ్రేము, ఆ తర్వాత అన్నీ మార్పులే. పద్దు పుస్తకంలో నిన్నటి నిల్వ చూడకుండా ఇవాళ్టి నిల్వ చెప్పలేం కదా, అలాగన్నమాట. టైమ్‌లైన్ మధ్యలో ఎక్కడో మీరు క్లిక్ చేస్తే, వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేము పట్టుకుని, అక్కణ్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. అందుకే స్క్రబ్ చేస్తుంటే, అంటే టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ జరుపుతుంటే, తడబడుతుంది. డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ లో ప్రతి ఫ్రేమూ దేనికది పూర్తి. అందుకే ఫైలు పెద్దది, పని తేలిక.

కేడెన్‌లైవ్, షాట్‌కట్ అనే ఉచిత ఎడిటర్లు వాడేవాళ్లకి ఈ కోడెక్ బాధ, అంటే వీడియోని కుదించి దాచే పద్ధతితో వచ్చే బాధ, చాలావరకు లేదు. అవి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మీదే ఆధారపడతాయి కాబట్టి ఫోన్ క్లిప్ నేరుగా తెరుచుకుంటుంది. అక్కడ వేరేది ఉంది. ఫోన్లు ఒకే వేగంతో ఫ్రేములు తీయవు. వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గుతాయి, ఫోన్ వేడెక్కితే తగ్గుతాయి. దాన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటాం. మొదట్లో పెదవులకీ మాటకీ పొత్తు కుదురుతుంది, అరగంట తర్వాత మాట ముందు, పెదవి వెనక. హరికథో, బుర్రకథో పూర్తి నిడివి రికార్డు చేసినవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. కేడెన్‌లైవ్ అలాంటి క్లిప్‌ని గుర్తుపట్టి "మార్చమంటారా" అని అడుగుతుంది, షాట్‌కట్ కూడా అడుగుతుంది. చాలామంది ఆ పెట్టె చదవకుండా మూసేస్తారు. దయచేసి మూయకండి. అది అడిగేది మీ మంచికే. అలాగే బొమ్మ తడబడుతుంటే ప్రాక్సీ క్లిప్‌లు ఆన్ చేసుకోండి. చిన్న నకలు మీద ఎడిట్ చేస్తారు, రెండర్, అంటే చివరి వీడియో తయారీ, అసలుదాని మీద అవుతుంది.

సరే. ఇప్పుడు ఒక కథ చెప్పాలి, ఇది చెప్పడానికే నేను ఇవాళ ఇష్టంగా వచ్చాను. కేడెన్‌లైవ్, షాట్‌కట్, ఫ్లోబ్లేడ్. మూడూ వేర్వేరు ఎడిటర్లు. వేర్వేరు మనుషులు రాశారు. కానీ మూడింటి లోపలా ఉన్న ఇంజన్ ఒక్కటే. దాని పేరు ఎంఎల్‌టీ. క్లిప్‌ని కత్తిరించడం, ట్రాక్‌లు కలపడం, ఎఫెక్టులు వేయడం, ఫ్రేము తయారు చేసి ఇవ్వడం, అంతా అదే చేస్తుంది. పైన కనిపించే కిటికీలూ బటన్లే వేరు. ఆ ఎంఎల్‌టీ పాత వెర్షన్ల సోర్స్ కోడ్ తెరిచి చూడండి. ఒక్కో ఫైలు పైన కాపీరైట్ వరస ఉంటుంది. ఏముంటుంది అక్కడ? 2003, ఆ పక్కన ఎవరి పేరు?

ఉషోదయా ఎంటర్‌ప్రైజెస్ లిమిటెడ్.

అవునండీ, మన ఈనాడు, ఈటీవీల ఉషోదయా. చార్ల్స్ యేట్స్, డాన్ డెనెడీ అనే ప్రోగ్రామర్లు రాశారు, టెలివిజన్ ప్రసారం పనుల కోసం రాశారు. దాన్ని ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద అందరికీ వదిలారు. ఆ తర్వాత అది ఉషోదయా చేతుల్లోంచి బయటికి వచ్చింది. డాన్ డెనెడీ ఇప్పటికీ దాన్ని నడిపిస్తున్నారు, ఇప్పటి షాట్‌కట్ రాసింది కూడా ఆయనే. ఈనాడు మొదటి సంచిక ఎక్కడ అచ్చయింది? 1974 ఆగస్టు 10న, ఇదే విశాఖపట్నంలో. ఇక్కడ కూర్చున్న పెద్దల్లో కొందరికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ పత్రిక నడిపిన సంస్థ పెట్టుబడితో మొదలైన ఇంజన్ మీద ఇవాళ ఏ దేశంలోనో ఎవరో తన పిల్లల పుట్టినరోజు వీడియో ఎడిట్ చేసుకుంటున్నారు.

నేను ఇది గొప్పలు చెప్పుకోవడానికి తేలేదు. నాకు దీనివల్ల ఒక ప్రశ్న వస్తోంది. తెలుగు సంస్థ డబ్బుతో పుట్టిన ఇంజన్ మీద నడిచే ఈ ఎడిటర్లలో తెలుగు అక్షరం ఎందుకు ఇంకా తడబడాలి? పరీక్షించేది ఎవరు? జర్మనీలో కూర్చున్న డెవలపర్‌కి ఒత్తు తెలుస్తుందా?

ఇక్కడ కొంచెం ఆగుదాం. తెరమీద చూడండి. "శ్రీకాకుళం" అని టైపు చేశాను. మనకి మొదట కనిపించేది ఒక్క అక్షరం, శ్రీ. కంప్యూటర్‌లో అది నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, దీర్ఘం. ఈ నాలుగింటినీ కలిపి ఒక్క అక్షరంగా అల్లే పనిని షేపింగ్ అంటారు. లైనక్స్‌లో ఆ పని ఎక్కువగా హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది, బాగా చేస్తుంది. ఎడిటర్ దాన్ని పిలిస్తే "శ్రీకాకుళం" వస్తుంది. పిలవకపోతే "శ్‌రీకాకుళం" వస్తుంది. అంతే తేడా. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నే తీసుకోండి. వీడియో మీద అక్షరాలు రాసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్ ఉంది కదా, అది 6.1 వెర్షన్ వచ్చేదాకా హార్ఫ్‌బజ్‌ని పిలవలేదు. ఫెడోరా లాగే డెబియన్, ఉబుంటు కూడా డిస్ట్రోలే. డెబియన్ 12 లో ఉన్నది 5.1. ఉబుంటు 24.04 లో ఉన్నది 6.1. ఒకే ల్యాబ్‌లో పక్కపక్క సిస్టమ్‌ల మీద ఒకదాంట్లో తెలుగు సరిగ్గా వచ్చి, ఇంకోదాంట్లో విరిగిపోతే కారణం ఇదే కావచ్చు. ఫాంటుని తిట్టకండి, వెర్షన్ చూడండి.

అదే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తో సబ్‌టైటిల్ వేస్తే? అది లిబాస్ అనే వేరే లైబ్రరీ ద్వారా వెళ్తుంది. దానికి హార్ఫ్‌బజ్ ఎప్పుడో వచ్చింది. కాబట్టి పాత సిస్టమ్‌లో కూడా తెలుగు చక్కగా వస్తుంది. టైటిల్‌ని కూడా సబ్‌టైటిల్‌గా రాసేయొచ్చు. ఏజీసబ్ అనే సబ్‌టైటిల్ ఎడిటర్‌లో ఫాంటు, రంగు, చోటు అన్నీ పెట్టుకోవచ్చు. చుట్టుదారే, ఒప్పుకుంటాను, కానీ రాత్రికి పని అప్పజెప్పాలంటే ఇది ఆదుకుంటుంది. ఇంకో దారి, టైటిల్‌ని ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో తయారు చేసి, వెనక ఏమీ లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి పెట్టడం. రిజాల్వ్ వాడేవాళ్లకి నా సలహా ఇదే. లైనక్స్‌లో తెలుగు టైపింగ్‌కి వాడే ఐబస్‌తో నేరుగా అందులో తెలుగు టైపు చేద్దామని కుస్తీ పడొద్దు. కేడెన్‌లైవ్ టైటిలర్‌లో మాత్రం ఆ అవసరం లేదు. అది షేపింగ్ చేయగల క్యూటీ అనే లైబ్రరీ మీద నడుస్తుంది కాబట్టి మామూలు టైటిల్ బాగానే వస్తుంది. డెబియన్‌లో, ఉబుంటులో తెలుగు ఫాంట్ల అదనపు ప్యాకేజీ వేసుకుంటే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సూరన్న, ఎన్టీఆర్ లాంటివి ఉన్నాయి.

అయితే అన్ని పరీక్షలకీ తెలుగు నిలబడుతోందా? లేదు. ఒకటి చూపిస్తాను. టైప్‌రైటర్ ఎఫెక్ట్. అక్షరాలు ఒక్కొక్కటే టకటకా పడుతుంటాయి కదా, పెళ్లి వీడియోల్లో పెళ్లికూతురు పేరు అలా పడాలని అడుగుతారు. "లక్ష్మి" అని పెట్టండి. తెలుగు చదివేవాడికి అది ఎన్ని అక్షరాలు? రెండు. ల, క్ష్మి. కంప్యూటర్‌కి ఏడు ముక్కలు. ముక్కకో అడుగు చొప్పున చూపించే ప్రోగ్రాము అయితే ఏం చేస్తుంది? మొదట ల. తర్వాత లక. తర్వాత లక్. తర్వాత లక్ష. లక్ష్. లక్ష్మ. చివరికి లక్ష్మి. పెళ్లికూతురు పేరు ఏడు సార్లు వేషం మారుస్తుంది. ఇంగ్లీషు పేరు పెట్టి పరీక్షించిన డెవలపర్‌కి ఈ తప్పు కనపడదు. కనపడే అవకాశమే లేదు. ఇది కనపడేది మనకి, తమిళం వాళ్లకి, కన్నడం వాళ్లకి, హిందీ వాళ్లకి. మనమే చెప్పాలి. ఇంకెవరు చెప్తారు?

చెప్పడం అంటే "మీ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రావట్లేదు" అని ఒక వాక్యం రాసి పారేయడం కాదు. ఏ వెర్షన్, ఏ డిస్ట్రో, ఏ ఫాంటు. రావలసినది ఇది, వచ్చినది ఇది, అని రెండు స్క్రీన్‌షాట్‌లు. ఆ ఒక్క టైటిల్ మాత్రమే ఉన్న చిన్న ప్రాజెక్ట్ ఫైలు. డెవలపర్‌కి తెలుగు రాదు కాబట్టి, విరిగిన చోట ఎర్ర గీత గీసి చూపించాలి. ఇవన్నీ ఉంటే వాళ్లు పట్టించుకుంటారు. కేడెన్‌లైవ్ వాళ్లు 2022లో చందాలు అడిగారు, 15,000 యూరోలు కావాలని. అంతకు మించి వచ్చాయి. ఆ డబ్బుతో చేస్తామన్న పనుల్లో ఒకటైన నెస్టెడ్ టైమ్‌లైన్, అంటే ఒక టైమ్‌లైన్ లోపల ఇంకోటి పెట్టుకోవడం, 2023 ఏప్రిల్ వెర్షన్‌లో వచ్చేసింది. మాట ఇచ్చి చేసిన మనుషులు వాళ్లు. అలాంటివాళ్లకి మన కష్టం సరిగ్గా అందించకపోతే లోపం ఎటు ఉన్నట్టు?

ఇక ప్యాకేజీల సంగతి. దీని మీద ఎక్కువ సేపు మాట్లాడను. కేడెన్‌లైవ్ క్రాష్ అవుతోందని నా దగ్గరికి వచ్చేవాళ్లని నేను మొదట అడిగేది ఒక్కటే, ఎక్కడి నుంచి వేశారు? డెబియన్ 12 లో 22.12 వెర్షన్ ఉంటుంది. ఉబుంటు 24.04 లో 23.08. ఏ డిస్ట్రోలోనైనా నడిచే ప్యాకేజీ రకాలు ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ ఉన్నాయి, అవీ దేనికది వేరు. ఒకడు ఒకదాంట్లో ప్రాజెక్ట్ మొదలుపెట్టి ఇంకోదాంట్లో తెరుస్తాడు. ఒక ఎఫెక్ట్ మాయమవుతుంది, ఎందుకంటే ఆ ప్యాకేజీలో frei0r అనే ఎఫెక్టుల ప్లగిన్‌లు లేవు. నన్నడిగితే ఎడిటింగ్‌కి మాత్రం ప్రాజెక్ట్ వాళ్లు స్వయంగా ఇచ్చే యాప్‌ఇమేజ్ గానీ ఫ్లాట్‌ప్యాక్ గానీ ఒక్కటి పట్టుకోండి. పని మధ్యలో అప్‌డేట్ చేయకండి. తెలుగు టైపింగ్ అందులో పనిచేస్తుందో లేదో మొదటి రోజే చూసుకోండి, కొన్ని ప్యాకేజీల్లో ఐబస్ అందదు. అప్పుడు టెక్స్ట్ ఎడిటర్‌లో టైపు చేసి కాపీ చేసుకోవాల్సిందే.

మాట నుంచి రాత తయారుచేసే సౌకర్యం గురించి ఇందాక బయట ఒకరు అడిగారు. కేడెన్‌లైవ్‌లో 2021 నుంచి వోస్క్, 2023 నుంచి విస్పర్ ఉన్నాయి. వోస్క్‌కి చిన్న తెలుగు మోడల్ ఉంది. మన ఉత్తరాంధ్ర మాట దానికి ఎక్కుతుందని ఆశపడకండి. ఎక్కడ మాట మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నది పట్టుకోవడానికి పనికొస్తుంది. రాత మీరే సరిదిద్దుకోవాలి.

వెనక నుంచి ఒక అన్నయ్య చెయ్యెత్తారు. చెప్పండి. ఆయన పెళ్లి వీడియోలు చేస్తారట, ఎడియస్ అనే విండోస్ ఎడిటర్ మీద, టైటిళ్లన్నీ అను ఫాంట్లలో. లైనక్స్‌కి మారొచ్చా అని అడుగుతున్నారు.

అన్నయ్యా, మీరు అడిగింది నేను చెప్పిన వాటన్నిటికంటే కష్టమైన ప్రశ్న. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ఉమ్మడి పద్ధతిలో లేవు. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు పెట్టి చేసినవి. అందుకే షేపింగ్ రాని సాఫ్ట్‌వేర్‌లో కూడా అవి చక్కగా వచ్చేవి, అందుకే డీటీపీ వాళ్లు, వీడియో వాళ్లు ఇన్నేళ్లు వాటినే నమ్ముకున్నారు. అందులో తప్పేమీ లేదు, అప్పటికి వేరే దారి లేదు. కానీ ఆ కీబోర్డు ప్రోగ్రాము విండోస్‌ది. మీ పాత టైటిళ్లు, టెంప్లేట్లు లైనక్స్‌లోకి అలాగే రావు. ఎడియస్ ప్రాజెక్టులూ రావు. ఈ మాట నేను మెత్తగా చెప్పలేను.

కాబట్టి సీజన్‌లో మారకండి. మూఢం వచ్చి ముహూర్తాలు లేని రోజుల్లో మొదలుపెట్టండి. విండోస్ ఉన్న డిస్కుని కదపొద్దు. రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టి దానిమీద లైనక్స్ వేయండి. మీ ఫుటేజీ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులో ఉన్నా లైనక్స్ చదువుతుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ మాత్రం ముందే ఆపేయండి, లేకపోతే ఆ డిస్కు చదవడానికే తెరుచుకుంటుంది, రాయనివ్వదు. చిన్న పని తీసుకోండి, ఒక బారసాల వీడియో చాలు. బిడ్డ పేరు యూనికోడ్‌లో టైపు చేసి టైటిల్ పెట్టండి, రెండర్ చేయండి, వాట్సాప్‌లో పంపి ఆ ఇంటివాళ్ల ఫోన్లో ఆడించి చూడండి. పేరులో ఒత్తు సరిగ్గా పడి, మాటకీ పెదవికీ పొత్తు కుదిరితే రెండో పని కూడా అందులోనే చేయండి. కుదరకపోతే ఆ ప్రాజెక్ట్ ఫైలు పట్టుకుని రండి, కూర్చుని చూద్దాం.